గకు కొమ్మిస్తే గు

వరుసలో మీ ముందు ఎనిమిది వందల పన్నెండు మంది ఉన్నారు, దయచేసి ఈ పేజీని మూయకండి, అని కంప్యూటరు తెర మీద పడింది. ఆమె మూయలేదు. మూయకపోవడమే కాదు, పొరపాటున వేలు తగిలితే వరుస చివరికి పోతానేమోనని మౌస్ మీది చెయ్యి కూడా తీసి ఒళ్ళో పెట్టుకుంది. సరిగ్గా తొమ్మిదికి తెరుస్తారనీ, పది దాటితే అడవి పార్కులో గుడారం వేసుకునే చోటు ఒక్కటీ మిగలదనీ, పోయిన నెల తన స్నేహితురాలు టీ పెట్టుకుని వచ్చేలోపల అంతా అయిపోయిందనీ అమ్మాయి వారం నుంచి ఫోన్లో నూరిపోస్తోంది. "నాన్నని కూర్చోబెట్టకమ్మా, ఆయన మౌస్‌ని కూడా సుత్తిలాగే వాడతారు" అంది. అందుకే ఆమె ఎనిమిదిన్నరకే స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పరీక్షకు కూర్చున్నట్టు పెన్నూ కాగితమూ పక్కన పెట్టుకుని కూర్చుంది. కాగితం మీద జాబితా. దుప్పట్లు ఆరు, టార్చిలైట్లు మూడు, మనవరాళ్ళలో చిన్నదాని దగ్గుమందు, పెద్దదానికి ఇంకో జత బూట్లు, ఎందుకంటే అది నీళ్ళు కనిపిస్తే కాలు పెట్టకుండా ఉండదు. ప్రతి వస్తువు ముందూ ఒక చిన్న గడి, గడులన్నీ ఒకే కొలత. ఆమె రాస్తే అంతే. తెర మీద ఏడు వందల తొంభై. హాల్లోంచి టక్, టక్, మళ్ళీ టక్ అని చప్పుడు. ఆయన పాత గుడారం మేకులు తీసి ఒక్కొక్కటీ కొట్టి చూస్తున్నాడు. ఏది చేతికొచ్చినా కొట్టి వినందే ఆయనకు తోచదు. మొట్టమొదటిసారి ఆమెను చూడ్డానికి వాళ్ళింటికి వచ్చిన రోజు ఆమె నాన్నతో మాట్లాడుతూ మాట్లాడుతూనే బల్ల కోడు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి వంచి, "దీన్లో పురుగుందండీ" అన్నాడు. ఇతనెవరమ్మా సంబంధానికి వచ్చాడా సామాను కొనడానికి వచ్చాడా అని నాన్న లోపలికొచ్చి నవ్వాడు. నెల తిరక్కుండా ఆ కోడు విరిగి పడింది, దాని మీద ఉన్న గాజు కూజాతో సహా. నాన్న అప్పుడు నవ్వలేదు. అమ్మాయిని ఇవ్వొచ్చు, వీడికి లోపల ఏముందో వినిపిస్తుంది, అన్నాడు.

లోపల ఏముందో వినడమే ఆయన ఉద్యోగం. రోడ్ల పక్క చెట్లు, బడుల్లో చెట్లు, ఆస్పత్రి ఆవరణలో చెట్లు. కొయ్య సుత్తితో మొదట్లో ఒకటి, నడుము ఎత్తున ఒకటి, రొమ్ము ఎత్తున ఒకటి, అలా చుట్టూ కొట్టుకుంటూ చెవి ఆనించి వింటాడు. ఆఫీసులో అందరూ డాక్టరుగారూ అంటారు, సగం ఎగతాళి, సగం నిజం. చప్పుడు నిండుగా ఉంటే గట్టి. మోగితే గుల్ల. జేబులో ఇమిడే పుస్తకంలో చెట్టు నంబరు వేసి, గట్టిదైతే గ అనీ గుల్లదైతే గు అనీ రాసుకుంటాడు. సుత్తి ఒక చేతిలో, పుస్తకం ఒక చేతిలో, పెన్ను నోట్లో పెట్టుకునే మనిషి అంతకంటే ఏం రాస్తాడు. ఇంటికొచ్చాక ఆమె దాన్ని విప్పి పెద్ద ఫారంలోకి ఎక్కిస్తుంది. గ కనపడితే ఎడమ గడిలో, గు కనపడితే కుడి గడిలో టిక్కు. ముప్ఫై ఏళ్ళ నుంచి అంతే. పెళ్ళైన కొత్తలో ఇదేం అఘాయిత్యపు రాతండీ, ఒక్క కొమ్ముకే కదా తేడా, అంటే, చెట్టుకి కూడా అంతే తేడా, అన్నాడు. ఆమె ఫారం నింపాక ఆయన చదవడు. అడుగున సంతకం పెట్టేసి, "నువ్వు రాశావంటే నేను చూసేదేముంది" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు డిగ్రీ చదివినందుకు దక్కిన ఉద్యోగం ఇదే అనిపించేది, చేదుగా కాదు, నిజంగానే. ఆరు వందల ఇరవై.

సంఖ్య కింద ఆ అడవి ఫోటోలు వస్తూ పోతున్నాయి. మంచులో మాను, మాను పక్కన మాను. ఒకదాని వేరు దగ్గర ఎవరో మనిషి నిలబడి ఉన్నాడు, గోడ మీద చీమలా. పైభాగం ఏ ఫోటోలోనూ లేదు, కెమెరాకి అందదు కాబోలు. ఆమె ఆ చెట్లను ఎన్నడూ చూడలేదు కానీ వాటిలో ఇరవై ఆరింటిని చుట్టుకొలతలతో సహా ఎరుగును. నాలుగు నెలల కిందట, కొత్త గుడారాల జాగా తెరిచేముందు, పార్కు వాళ్ళు ఆయన్ని పిలిపించారు. గుడారం చోటు నంబరే దాని పక్క చెట్టుకీ నంబరు. తొమ్మిది రోజులు ఉన్నాడు, తొమ్మిది రోజులూ వాన. దగ్గుతూ దిగాడు, పుస్తకం తడిసి ఉబ్బిపోయింది. ఆమె ఫ్యాను కింద పేజీ పేజీ విడదీసి ఆరబెట్టింది, పేజీల మధ్య టిష్యూ కాగితాలు దూర్చింది. మర్నాడు పొద్దున్నే ఫారం పంపాలని ఆయన తొందర. అక్కడి చెట్ల ముందు మనం రోడ్ల మీద చూసేవి మొక్కలే అన్నాడు, అన్నం ముందు కూర్చుని చేతులు చాచి చూపించాడు, చేతులు చాలక గది అటుగోడ నుంచి ఇటుగోడ దాకా నడిచి చూపించాడు. ఎప్పటివో మంటలు తగిలి కొన్ని లోపల గదుల్లా అయిపోయాయట, ఆరుగురు నిలబడొచ్చట, అయినా పైన పచ్చగా చిగుళ్ళు. అదెలా అంది ఆమె. చెట్టు ప్రాణం బెరడు కింద బెత్తెడు మందంలోనే ఉంటుంది, లోపలి చెక్క ఎప్పుడో చచ్చిపోయిందే, కానీ నిలబెట్టేది ఆ చచ్చిందే, అన్నాడు. ఆ మాట ఆమెకు ఎందుకో నచ్చలేదు. పడుకునే ముందు కూడా గుర్తొచ్చింది.

వేచి ఉండగా చోట్లు చూడండి, అని తెర అడుగున ఒక వరస మెరిసింది. ఆమె మెల్లగా చెయ్యి ఒళ్ళోంచి తీసి దాని మీద నొక్కింది. వరుస చెరగలేదు, సంఖ్య ఒక మూలకు జరిగింది, అంతే. అమ్మాయి ఎంచిపెట్టింది పద్నాలుగు. వాగు పక్కనే అమ్మా, పెద్ద చెట్టు కిందే, ఇంక వేరేది వద్దు, అంది. పద్నాలుగు నొక్కింది. ఫోటో పైనుంచి కిందికి కొద్దికొద్దిగా వచ్చింది, ముందు బెరడు, ఇంకా బెరడు, తర్వాత నారింజ రంగు గుడారం, గుడారం ముందు నవ్వుతున్న పిల్లలు, ఎడమ పక్క వాగు తెల్లగా. గుడారం పైన మాను మీద, తలుపంత ఎత్తున, నల్లగా కాలిన మచ్చ.

నిన్న సాయంత్రం ఆయన చిన్నదానితో ఫోన్లో ఏమన్నాడు. ఏదో కథ చెప్పమంటే చెప్పాడు. ఒక చెట్టుందే, వాగు పక్కన, దాని కడుపు మీద నల్ల మచ్చ, దాన్ని ఇలా టక్ మనిపిస్తే లోపల్నుంచి ఢమ్ అంది, ఖాళీ డ్రమ్ములాగ, ఎవరో లోపల కూర్చుని తిరిగి కొట్టినట్టు, అన్నాడు. చిన్నది కెవ్వుమని, మళ్ళీ చెప్పు తాతా అంది. ఆమె అప్పుడు గిన్నెలు తుడుస్తోంది. నవ్వుకుంది కూడా. వాగులు చాలా ఉంటాయి. మచ్చలు చాలా ఉంటాయి, మంట ఒక్క చెట్టునే చూసుకుని వస్తుందా. ఇరవై ఆరింట్లో గుల్లవి ఎన్ని వచ్చాయి, రెండా, మూడా. తొమ్మిది ఒకటి, ఇరవై మూడు ఒకటి. మూడోది ఉందా. కుడి గడి టిక్కులు ఆమె కళ్ళ ముందుకు వచ్చాయి, రెండే వచ్చాయి. ఐదు వందల నలభై.

"ఎంతకొచ్చింది నీ వరుస?" అంటూ ఆయన గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో మేకు.

"ఐదు వందల నలభై."

"నయమే. మొన్న పంటి డాక్టరు దగ్గర ఇంతకంటే ఎక్కువ మంది ఉన్నారు."

"నిన్న చిన్నదానితో చెప్పారే, డ్రమ్ములా మోగిందని. అది ఎన్నో నంబరు?"

"నన్నడుగుతావేంటి? నంబర్లు నీ దగ్గరుంటాయి, చెట్లు నా దగ్గరుంటాయి." మేకుతో ద్వారబంధాన్ని అలవాటుగా తట్టాడు. "వాగు పక్కదే. అక్కడికి పోనివ్వరులే, ఈపాటికి చుట్టూ తాడు కట్టేసుంటారు. పిల్లలకి దూరం నుంచి చూపిస్తా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆయనకు కనిపించకుండా ఆమె తెర మీది ఫోటోను ఎందుకు మూసేసిందో ఆమెకే తెలియదు. మళ్ళీ తెరిచింది. తాడు ఎక్కడా లేదు. మచ్చ కింద ఒక తీగ కట్టి ఎవరో తువ్వాళ్ళు ఆరేశారు.

పుస్తకాలు ఈ బల్ల కింది సొరుగులోనే ఉంటాయి, ఏడాది వారీగా, రబ్బరు బ్యాండ్లు వేసి. కుర్చీ లోంచి లేవనక్కర్లేదు. వంగి లాగింది. ఉబ్బిన పుస్తకం వెంటనే దొరికింది, తక్కిన వాటి మధ్య అదొక్కటే పొట్ట ఎత్తుకుని ఉంది. పన్నెండు, గ. పదమూడు, గ. పద్నాలుగు. నీలం సిరా నీళ్ళలో నాని ఒక మబ్బు అయింది, మబ్బులో గ ఉంది, గ పక్కన కిందికి జారిన ఒక గీత ఉంది. అది కొమ్ము కావచ్చు. జారిన నీటి చార కావచ్చు. పదమూడు పక్కన కూడా ఒక చార ఉంది, పేజీ అంచుదాకా. ఆమె పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆ రోజు కూడా ఇలాగే ఎత్తి పట్టుకుంది. ఇదే కుర్చీ, పొద్దున్నే, ఫారం ముందు. పట్టుకుని చూసి, పోల్చుకోలేక, ఆయన్ని అడిగింది. అవును, అడిగింది, ఊహించి రాసే మనిషి కాదు ఆమె, ఆ మాత్రం నమ్మకం తన మీద తనకుంది. ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. బకెట్లోకి నీళ్ళు పడుతున్నాయి. ఈ కుర్చీలోంచే గొంతెత్తి, ఏమండీ, పద్నాలుగు గట్టిదా గుల్లదా, అంది. లోపల్నుంచి ఆయన జవాబు చెప్పాడు. గట్టి, అన్నాడు. ఆమె ఎడమ గడిలో టిక్కు పెట్టింది. అయిపోయింది కదా మరి. ఆయన గట్టి అన్నాడు, తను గట్టి అని రాసింది, ఇందులో తన తప్పేముంది. నాలుగు వందల ఐదు.

అమ్మాయి ఫోను. "ఎక్కడిదాకా వచ్చిందమ్మా?"

"నాలుగొందలు."

"పద్నాలుగు ఉందా ఇంకా? ఆ రెండు రోజులూ ఖాళీయేనా?"

"ఉంది."

"పోనివ్వకు, నీకు దండం పెడతా. ఇక్కడ మీ మనవరాలు ఆ చెట్టుకి పేరు కూడా పెట్టేసింది. మీ అల్లుడైతే నిన్నట్నుంచీ హాల్లో గుడారం వేసుకుని అందులోనే పడుకుంటానంటున్నాడు. ఏంటమ్మా, వినపడట్లేదా? గొంతు అలా ఉందేంటి?"

"వినపడుతోందే. కాస్త గట్టిగా మాట్లాడు."

కాస్త గట్టిగా మాట్లాడు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది, తన గొంతుతో మొదలై, మెల్లమెల్లగా ఆయన గొంతు అయింది. గట్టిగా. ఆయన గట్టి అన్నాడా, గట్టిగా అన్నాడా. నీళ్ళు పడుతున్నాయి. బకెట్టు నిండేకొద్దీ చప్పుడు మారుతుంది, మొదట ఖాళీగా మోగుతుంది, తర్వాత లావవుతుంది. అప్పుడు మోగుతూనే ఉంది, అంటే కుళాయి అప్పుడే తిప్పాడు. ఆయనకు తన మాట వినపడే వీలే లేదు. వినపడనివాడు జవాబెలా చెప్తాడు. గట్టిగా చెప్పవే, నీళ్ళలో వినపడట్లా. అదీ. మొత్తం వాక్యం వచ్చింది, చివరి మాటతో సహా, నాలుగు నెలలు ఎక్కడ దాక్కుందో దాక్కుని, చెంబు కింద పెట్టిన చప్పుడుతో సహా వచ్చింది. ఆమె మొదటి మాట విని టిక్కు పెట్టేసింది. తక్కిన మాటలు టిక్కు పెడుతుండగా చెవిలో పడ్డాయి, పడ్డాయి కానీ అవి ఇక అక్కర్లేనివి. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి, ఏదో అడిగావు, అన్నాడు కూడా. ఏం లేదు, అయిపోయింది, అంది తను. ఆయన సంతకం పెట్టాడు.

సొరుగు తెరిచే ఉంది. ముప్ఫై ఏళ్ళ పుస్తకాలు. ఆమె కాలితో మెల్లగా దాన్ని లోపలికి నెట్టింది. వెయ్యేళ్ళ నుంచి నిలబడ్డ చెట్టు, ఎన్ని గాలివానలు చూసిందో, ఇవాళే పడుతుందా. ఈ మాట ఆమెది కాదు. చెట్టు కొట్టెయ్యొద్దని ఆఫీసుకొచ్చి గొడవపడేవాళ్ళు అనే మాట. ఆయన వాళ్ళకు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, పడిన ప్రతి చెట్టూ ముందురోజు దాకా నిలబడిందేనండీ, అని. నూట తొంభై. సంఖ్య ఇప్పుడు తొందరగా దిగుతోంది, ముందున్నవాళ్ళు విసుగుపుట్టి పోతున్నారో, చోట్లు దొరికి పోతున్నారో. ఆయనకు చెప్పాలి. చెప్తే ఏమవుతుంది. ఫారం మీద ఉన్నది తన రాత, కింద ఉన్నది ఆయన సంతకం. ఒక్క చెట్టు విషయంలో తప్పని తేలితే ఆ చేత్తో రాసినవన్నీ తిరగతోడతారు, ఆ పేరున్న ఫారం మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. ఎవరో తోటి ఉద్యోగికి అలాగే అయితే ఆయన రెండు రోజులు సరిగ్గా తినలేదు. మరి ఇంకో దారి లేదా. ఉంది. చాలా చిన్న దారి. చోట్ల పటంలో ఇరవై రెండు ఉంది, వాగుకు దూరం, గుట్ట అవతల, పక్కన చెప్పుకోదగ్గ చెట్టే లేదు. దాన్ని తీసుకుంటే పిల్లలు చల్లగా ఉంటారు. ఆయనను ఆ వాగు వైపు పోనివ్వకుండా చూసుకోవడం ఎంతసేపు, కాలు నొప్పి అంటే చాలు. అమ్మాయితో, నా వంతు వచ్చేసరికి పద్నాలుగు పోయిందే, అనొచ్చు. అమ్మాయి రెండు మాటలంటుంది, పడొచ్చు. ఆ ఆలోచన ఎంత సులువుగా, గడులు గడులుగా, తన జాబితాల్లాగే వచ్చిందో ఆమె చూసుకుంది. అయినా చెయ్యి ఆగలేదు.

మీ వంతు వచ్చింది, మీకు పది నిమిషాల సమయం ఉంది, అంది తెర. ఆమె ఇరవై రెండు నొక్కింది. పెద్దలు నలుగురు, పిల్లలు ఇద్దరు. రెండు రాత్రులు. నిర్ధారించండి. నిర్ధారించింది. పచ్చటి టిక్కు ఒకటి తెర మీద పెద్దగా వచ్చి, మీ యాత్ర సుఖంగా సాగాలి, అంది. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, ఆమె భుజాలు వదులయ్యాయి. తర్వాత, చూడకూడదని అనుకుంటూనే, పద్నాలుగు మీద మళ్ళీ నొక్కింది. తేదీల గడులు వచ్చాయి. అమ్మాయి అడిగిన ఆ రెండు రాత్రులు తప్ప నెలంతా ఎర్రగా నిండి ఉంది. వెనక నెల నొక్కింది, ఎరుపు. దాని వెనక నెల, ఎరుపు. ఒక్కో గడిలో ఎందరున్నారో చిన్న చిన్న మనిషి బొమ్మలు, పిల్లలైతే పొట్టి బొమ్మలు. తను గిన్నెలు తుడుచుకున్న రాత్రులు, సీరియల్ చూసిన రాత్రులు, ఒక్కటీ ఖాళీ పోలేదు, ఆ టిక్కు కింద ప్రతి రాత్రీ ఎవరో పడుకుంటూనే ఉన్నారు. ఇవాళ్టి గడిలో రెండు పొడుగు బొమ్మలు, మూడు పొట్టివి. ఆమె చూస్తుండగానే, తను వదిలేసిన ఆ రెండు రాత్రులు కూడా ఎర్రబడ్డాయి. నాలుగు బొమ్మలు.

పార్కు ఆఫీసు నంబరు తెర అడుగున ఉంది. తొమ్మిది మోతల తర్వాత ఎవరో కుర్రగొంతు మనిషి ఎత్తాడు.

"పద్నాలుగో నంబరు చోట్లో ఉన్నవాళ్ళని అక్కణ్ణుంచి వెంటనే పంపించెయ్యాలండీ. ఆ చెట్టు గుల్ల."

"పద్నాలుగాండీ? కాదమ్మా, దానికి పరీక్షైపోయింది. గట్టిదని ఫారం ఉంది నా ముందే."

"ఆ ఫారం తప్పు."

"అలా అంటే ఎలాగమ్మా? పెద్దాయన సంతకం ఉంది. తొమ్మిది రోజులుండి ఆయనే చెప్పారు గట్టిదని."

"ఆయన చెప్పలేదండీ. నేను అలా విన్నాను."

అవతల కాగితాలు కదిలాయి. "మీరెవరండీ?" అన్నాడు, గొంతు కొంచెం మార్చి. "ఎవరి మాట మీద ఖాళీ చేయించమంటారు? రేంజరుగారు పైకి వెళ్ళారు. అక్కడ సిగ్నలుండదు. సాయంత్రానికి గానీ దిగరు."

టక్ టక్ ఆగిపోయి ఎంతసేపైందో ఆమె గమనించలేదు. ఆయన వెనకే నిలబడి ఉన్నాడు. తెర మీద పద్నాలుగో నంబరు ఫోటో, నల్ల మచ్చ, తువ్వాళ్ళు. బల్ల మీద విప్పిన పుస్తకం. ఆయన ముందు ఫోటోని చూశాడు, తర్వాత పుస్తకంలోని మబ్బుని చూశాడు, తర్వాత ఆమె మొహం చూశాడు. చెయ్యి చాచాడు. ఆమె ఫోను ఇచ్చింది.

"సంతకం నాదే" అన్నాడు ఫోనులో. "పద్నాలుగు గుల్ల. మూడు వంతులు లేదు. రేంజరు కోసం చూడకు. నువ్వే లేచి వెళ్ళు, పరిగెత్తు. సామాను తియ్యనివ్వకు, మనుషుల్ని తియ్యి. నా మాట మీదే. రాసుకో, నా మాట మీదే. ఎంతసేపు పడుతుంది నీకు అక్కడికి? నలభై నిమిషాలా? వెళ్ళు మరి, మాట్లాడుతూ కూర్చోకు."

ఫోను బల్ల మీద పెట్టాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, తడిసి ఎండిన పేజీలు ఒక్కొక్కటే వేలితో తిప్పాడు. ఎక్కడ చూసినా నీలం మబ్బులు.

"ఆ రోజు నన్ను ఇంకా ఎన్నింటి గురించి అడిగావు?" అన్నాడు.

"మూడు" అంది ఆమె. ఇంకో పేజీ తిరిగాక, "నాలుగేమో" అంది.